20 నిమిషాల కోసమా ఇంత దూరం వచ్చింది?

మూడేళ్ల తర్వాత వైజాగ్ వచ్చాను. ఉన్నది రెండు రోజులే. స్నేహితుల్లో ఒకడు గాజువాకలో, ఇంకొకడు మధురవాడలో. ఊరికి ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు. సాయంత్రం ఆరింటికి ఆర్కే బీచ్‌లో, కురుసుర సబ్‌మెరైన్ దగ్గర కలుద్దామనుకున్నాం. గాజువాక వాడు ఎన్ఏడీ జంక్షన్ దాటేసరికే ఏడున్నర. రెండోవాడు హనుమంతవాక ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు.

చదువుకునే రోజుల్లో మురీ మిక్చర్ పొట్లాలు పట్టుకుని, చీకటి పడినా ఆ ఇసుకలోనే కూర్చునేవాళ్లం. టైమ్ ఎవడు చూశాడు? ఇప్పుడు ముగ్గురం కలిసి కూర్చున్నది 20 నిమిషాలు! అందులోనూ ఒకడికి ఆఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. వాడి తప్పేం లేదు, అయినా కడుపు మండిపోయింది. వాళ్లమ్మకి ఒంట్లో బాగోలేదని వాడు చెప్పబోయిన మాట సగంలోనే ఆగిపోయింది. తొమ్మిదిన్నరకి నాకు రైలు. ఇలాంటివి ఫోన్లో అడిగే మాటలా?