పీచ్ చెట్టుకు చలి పెట్టాలి

సిమ్లా వెళ్లిన బాబాయి శాలువా తెస్తారని పిన్ని ఆశపడింది. సమతా ఎక్స్‌ప్రెస్ దిగిన ఆయన చంకలో పీచ్ అంటుమొక్క ఉంది. దారంతా దానికి కింది బెర్తు ఇచ్చి, తాను పైన ముడుచుకుని పడుకున్నారట.

సీతమ్మధార ఇంటి పెరట్లో కరివేపాకు పక్కన నాటారు. మొక్క ఏపుగానే పెరిగింది. మామిడాకుల్లాంటి సన్నని ఆకులు, తిన్నగా సాగే కొమ్మలు. పువ్వు మాత్రం లేదు. ఉద్యానశాఖలో పనిచేసే మిత్రుడు చెప్పాకగానీ సంగతి బోధపడలేదు: పీచ్‌కు చలికాలంలో నిద్ర కావాలి. ఏడు డిగ్రీలకు దిగువన కొన్ని వందల గంటలు గడిస్తేనే మొగ్గలు సరిగ్గా విచ్చుకుంటాయి. పంజాబు మైదానాల్లో పండించే ఫ్లోరిడా ప్రిన్స్ లాంటి రకాలకు నూట యాభై గంటల చలి చాలు. కొండ రకాలు ఎనిమిది వందలు దాటినా ఇంకా కావాలంటాయి. బాబాయి తెచ్చింది కొండ రకమే. అందులో ఆయనకు గర్వం కూడా.

విశాఖలో పద్దెనిమిది డిగ్రీలకే బీచ్ రోడ్డు మీద మంకీ క్యాపులు దర్శనమిస్తాయి. అయినా పోర్టు లెక్కల విభాగంలో రిటైరైన మనిషి కదా, కొమ్మకు థర్మామీటరు కట్టి, ఎర్ర అట్ట పుస్తకంలో 'చలి జమ' అని పద్దు తెరిచారు. డిసెంబరు సగమైనా జమ సున్నా. పద్దు ఖాళీగా ఉంటే ఆయనకు అన్నం సహించదు.

దాంతో ఓ తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరుకు వెళ్లి, చేపల పడవలకు ఎక్కించే మంచును ట్రాలీ ఆటో నిండా తెచ్చి మొక్క మొదట్లో పోయించారు. మంచు నింపి తెచ్చిన గంపలు అంతకుముందు చేపలు మోసినవే.

ఆ రోజు మార్గశిర గురువారం. పిన్ని చీకటితోనే బురుజుపేట వెళ్లి, క్యూలో నిలబడి కనకమహాలక్ష్మికి పసుపు కుంకుమలు సమర్పించి, నుదుట రూపాయంత బొట్టుతో వచ్చింది. వచ్చేసరికి గేటు దగ్గర పేట పిల్లులన్నీ సభ తీర్చి ఉన్నాయి. వెనక వీధి పెద్దావిడ సంచీ పట్టుకుని, "వంజరం కిలో ఎంతమ్మా?" అని అడిగింది. మార్గశిర మాసమంతా ఉల్లిపాయ కూడా ముట్టని ఇల్లది!

పిన్ని ఏమీ అనలేదు. ప్రసాదం పక్కింట్లో పెట్టి వచ్చింది. ఆమె మౌనం ఎంత ప్రమాదమో మా వంశంలో అందరికీ తెలుసు, ఒక్క బాబాయికి తప్ప.

మధ్యాహ్నానికి మంచు కరిగి పెరడు చెరువైంది. పీచ్ వేళ్లు నిలవనీటిని అసలు ఓర్చుకోలేవు. వారం తిరిగేసరికి ఆకులు పసుపెక్కి రాలడం మొదలైంది. బాబాయి పరమానందంతో పుస్తకం తెరిచి, "చూశావా, నిద్రలోకి జారుకుంటోంది!" అన్నారు.

"అది నిద్ర కాదండీ," అంది పిన్ని, "స్పృహ తప్పింది."

మిత్రుడికి ఫోను చేస్తే ఆయన నెత్తి కొట్టుకున్న చప్పుడు ఇటువైపు వినిపించింది. చలి లెక్క మొగ్గలది, కొమ్మల మీద ఉండేది. పాదాల దగ్గర మంచు పోస్తే పైనున్న మొగ్గకు శీతాకాలం వచ్చినట్టు ఎలా తెలుస్తుంది? ముందు నీళ్లు పోయేలా కాలువ తీయమన్నాడు. కొడుకుల వరస కదా, తవ్వింది మేమే. ఆ మట్టి వాసన వదలడానికి నాకు సబ్బు బిళ్ల అరిగింది.

మొక్క బతికింది. అదే వచ్చిన చిక్కు. చస్తే పిన్ని ఓ అరటి పిలక నాటి చేతులు కడుక్కునేది. ఇప్పుడు బాబాయి మొక్కను సగం కోసిన డ్రమ్ములోకి మార్చారు, వచ్చే శీతాకాలం లంబసింగిలో పెడతారట. అక్కడ కొన్ని తెల్లవారుజాముల్లో చలి సున్నా దాకా దిగుతుంది. పద్దు పండినట్టే.

నిన్న అక్కడి లాడ్జికి ఫోను చేసి నెల రోజులకు బేరమాడారు. ఎంతమందని అడిగినట్టున్నాడు అవతలివాడు.

"ఇద్దరం," అన్నారు బాబాయి. "మంచం ఒకటి చాలు బాబూ, రెండోవారు నిలబడే ఉంటారు."