ఏ కణం? ఎక్కడికి? ఏ పని మీద?

ఎముక మజ్జ మార్పిడి అనగానే చాలామంది ఆపరేషన్ థియేటర్‌ను, గంటల తరబడి సాగే సర్జరీని ఊహించుకుంటారు. తీరా ఆ రోజు వచ్చాక చూస్తే స్టాండుకు మజ్జ కణాలున్న ఒక చిన్న సంచి వేలాడదీసి, రక్తం ఎక్కించినట్టే నరంలోకి ఎక్కిస్తారు. అంతే. గడ్డకట్టించి దాచిన కణాలైతే, అవి చెడిపోకుండా కలిపే డీఎంఎస్‌ఓ అనే రసాయనం వల్ల రోగి ఊపిరిలోంచి వెల్లుల్లి లాంటి వాసన వస్తుంది. అది గదంతా కమ్ముకుంటుంది. అసలు టెన్షన్ మొదలయ్యేది ఆ తర్వాతే. రోజూ రక్త పరీక్ష. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు మైక్రోలీటరుకు 500 దాటి, వరుసగా మూడు రోజులు అక్కడే నిలబడాలి. దానికి మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నిలబడ్డాయంటే కొత్త మజ్జ పట్టుకున్నట్టు.

తాము నిలిచి ఉంటూనే కొత్త కణాలను పుట్టిస్తూ పోయేవి మూలకణాలు. వాటితో చేసే చికిత్స గురించి మాట్లాడాలంటే ఈ సంచి దగ్గరే మొదలుపెట్టాలి. ప్రపంచంలో ఎక్కువమంది ప్రాణాలు నిలబెట్టిన మూలకణ చికిత్స ఇదే. ఇది కూడా ఊరికే రాలేదు. అమెరికా వైద్యుడు డోనాల్ థామస్ 1957లో తన తొలి ప్రయత్నాల వివరాలు ప్రచురించారు. ఆ ఆరుగురు రోగుల్లో ఒక్కరూ వంద రోజులు దాటి బతకలేదు. దాతకూ రోగికీ కణజాలం ఎలా సరిపోవాలో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు. అది తేలడానికి ఏళ్లు పట్టింది. థామస్‌కు నోబెల్ వచ్చింది 1990లో.

ఇది రక్తం విషయంలోనే ఇంత బాగా ఎందుకు పనిచేసింది? మన శరీరం రోజుకు సుమారు 20 వేల కోట్ల ఎర్ర రక్తకణాలు తయారుచేస్తుంది. ఆ ఉత్పత్తి అంతటికీ మూలం మజ్జలోని కొద్దిపాటి మూలకణాలు. వాటిని నరంలోకి వదిలితే చాలు, దారి వెతుక్కుంటూ మజ్జలోకి వెళ్లి కూర్చుంటాయి. కీమోథెరపీతో ముందే అక్కడ చోటు ఖాళీ చేసి ఉంచుతారు. అవి అక్కడ చేసేది పుట్టుకతో వచ్చిన పనే. మనం కొత్తగా నేర్పింది ఏమీ లేదు.

ఈ రంగంలో ఏ వార్త చూసినా నేను పట్టుకునే కొలబద్ద ఇదే: ఏ కణం పంపుతున్నారు, ఎక్కడికి, అక్కడ అది ఏ పని చేయాలి? ఈ మూడింటికీ సూటిగా జవాబు దొరికిన చోట చికిత్స నిలబడింది. దొరకని చోట మిగిలింది ప్రకటనలే.

కంటి సంగతే చూడండి. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో లింబస్ అనే సన్నటి పట్టీ ఉంటుంది. కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా. దాని పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా తయారుచేసే మూలకణాలు అక్కడే ఉంటాయి. సున్నమో యాసిడో పడి ఆ అంచు కాలిపోతే కార్నియా మసకబారుతుంది. దాత నుంచి కొత్త కార్నియా తెచ్చి కుట్టినా నిలవదు, పైపొర పుట్టించే కణాలే లేవు కాబట్టి. ఇటలీలో గ్రాజియెల్లా పెలెగ్రీని, మిచెలె డి లూకా బాగున్న కంటి అంచు నుంచి ఒకటి రెండు చదరపు మిల్లీమీటర్ల ముక్క తీసి, ల్యాబ్‌లో పొరగా పెంచి, కాలిన కంటిపై అతికించారు. 2010లో ప్రచురించిన 112 మంది ఫలితాల్లో నాలుగింట మూడొంతుల మందికి కార్నియా నిలిచింది. 2015లో యూరప్ అనుమతించిన తొలి మూలకణ ఔషధం ఇదే.

ఆ ఏడాదే జర్మనీలో ఏడేళ్ల బాబు ఒకడు చావుబతుకుల్లో ఆసుపత్రికి చేరాడు. ముట్టుకుంటే చాలు, చర్మం పొక్కి ఊడిపోయే జన్యు రోగం. డి లూకా బృందం వాడి చర్మ కణాల్లోనే లోపాన్ని సరిచేసి, ల్యాబ్‌లో పొరలుగా పెంచి పంపింది. శరీరంపై సుమారు 80 శాతం చర్మాన్ని దాంతోనే మార్చారు. తర్వాత పరిశీలిస్తే తేలిందేమిటంటే, అంటించిన కోట్ల కణాల్లో చాలావరకు కొన్నాళ్లకే రాలిపోయాయి. చర్మాన్ని నిలబెట్టింది వాటిలో ఉన్న కొద్దిపాటి అసలైన మూలకణాలే. 'ఇన్ని కోట్ల కణాలు ఎక్కిస్తాం' అని తాటికాయంత అక్షరాలతో ప్రచారం చేసుకునే క్లినిక్కుల బోర్డులు చూసినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

ఆ క్లినిక్కుల్లో జరిగేది దాదాపు ఒకటే. పొట్ట దగ్గర కొవ్వు తీస్తారు, కాసేపు శుద్ధి చేస్తారు, మోకాలికో వెన్నుకో కంటికో ఎక్కిస్తారు. మోకాలి నొప్పికి అదే, ఆటిజానికి అదే, షుగరుకూ అదే. అమెరికాలోని ఫ్లోరిడాలో ముగ్గురు వృద్ధ మహిళలకు రెటీనా జబ్బు పేరుతో ఇలాంటి కణాలను ఒకే రోజు రెండు కళ్లలోనూ ఎక్కించారు. ఒక్కొక్కరు 5 వేల డాలర్లు కట్టారు. అది క్లినికల్ ట్రయల్ అనుకుని వెళ్లినవారూ వాళ్లలో ఉన్నారు. ముగ్గురికీ చూపు దాదాపుగా పోయింది. 2017లో ఒక వైద్య పత్రిక ఈ వివరాలు బయటపెట్టింది. రుజువు కాని మందును ఒకే రోజు రెండు కళ్లలో వేయడానికి కంటి డాక్టరు ఎవరైనా చెయ్యి కదుపుతారా? డబ్బు కట్టి చేరమన్నప్పుడే అది నిజంగా ట్రయలేనా అని గట్టిగా అడగాలి.

ఈ కొవ్వు, మజ్జ కణాలకు 'మీసెన్‌కైమల్ స్టెమ్ సెల్స్' అని 1991లో పేరు పెట్టినవారు అమెరికా శాస్త్రవేత్త ఆర్నల్డ్ కాప్లన్. శరీరంలోకి వెళ్లాక అవి కొత్త అవయవ భాగాలుగా మారడం లేదనీ, చుట్టుపక్కల కణాలకు రసాయన సంకేతాలు మాత్రమే పంపుతున్నాయనీ, కాబట్టి ఆ పేరు మార్చాలనీ 2017లో ఆయనే రాశారు. పెట్టినాయనే వద్దన్నా ఆ పేరు మీద వ్యాపారం మాత్రం ఆగలేదు.

అలాగని ఈ కణాలన్నీ దండగ అనడం కూడా తప్పే. మజ్జ మార్పిడి తర్వాత దాత కణాలు రోగి శరీరంపైనే దాడికి దిగడం ఒక ప్రమాదం. స్టెరాయిడ్లకు లొంగని అలాంటి దశలో ఉన్న పిల్లల కోసం ఈ రకం కణాలతో తయారైన మందును అమెరికా 2024 డిసెంబరులో అనుమతించింది. అదే నెలలో యూరప్‌లో ఇలాంటిదే మరో మందు మార్కెట్ నుంచి తప్పుకుంది. పేగు జబ్బు క్రోన్స్‌లో వచ్చే ఫిస్టులాలకు (పేగు నుంచి బయటికి తొలుచుకునే దారులకు) 2018లో అనుమతి తెచ్చుకున్న మందది. ఇంకా పెద్ద ట్రయల్‌లో పరీక్షిస్తే ఉత్తుత్తి మందు కన్నా మేలేమీ తేలలేదు.

రక్తం పుట్టించే మూలకణాలు బొడ్డుతాడు రక్తంలోనూ ఉంటాయి. దాని సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. 1988లో పారిస్‌లో ఎలియాన్ గ్లుక్‌మన్ బృందం అప్పుడే పుట్టిన చెల్లి బొడ్డుతాడు రక్తంతో అన్నకు చికిత్స చేసింది. కాబట్టి అది విలువైనదే, సందేహం లేదు. కానీ బిడ్డ రక్తాన్ని ఆ బిడ్డ కోసమే ప్రైవేటుగా దాచడం వేరు. లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు దారితీసే మార్పు పుట్టుకకు ముందే ఆ కణాల్లో ఉండి ఉండొచ్చు. జన్యు లోపమైతే అందులోనూ అదే లోపం. ఇంట్లో ఇప్పటికే జబ్బుతో ఉన్న పిల్లలుంటే తప్ప, పబ్లిక్ బ్యాంకుకు ఇస్తేనే అది ఎవరికో ఒకరికి అక్కరకొస్తుంది.

ఇక భవిష్యత్తు. 2006లో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాక 24 జన్యువులతో మొదలుపెట్టి, వడకట్టి వడకట్టి నాలుగు మిగిల్చారు. ఆ నాలుగూ చాలు, ఎలుక చర్మ కణాన్ని మళ్లీ పిండ దశకు తీసుకెళ్లడానికి. మరుసటి ఏడాదే మనిషి కణంతోనూ సాధ్యమైంది. ఏ రకం కణంగానైనా మారగల ఆ దశ కణాల కోసం పిండాలను నాశనం చేయాల్సిన చిక్కు తప్పింది. 2012లో నోబెల్ వచ్చింది. అయితే ఆ నాలుగింట్లో ఒకటి క్యాన్సర్‌తో ముడిపడిన జన్యువు కావడమే కొత్త భయానికి కారణం. 2014లో జపాన్‌లో మసాయో తకహాషి బృందం ఇలాంటి కణాలతో పెంచిన రెటీనా పొరను తొలిసారి ఒక రోగి కంట్లో పెట్టింది. రెండో రోగి కోసం తయారుచేసిన కణాల్లో జన్యు మార్పులు కనబడగానే ఆపేశారు. ఈ రంగంలో నాకు బాగా నమ్మకం కలిగించిన సంఘటన ఆ ఆపడమే.

ఇప్పుడు నా కళ్లన్నీ టైప్-1 మధుమేహం మీదున్నాయి. ఇక్కడ మూడు ప్రశ్నలకూ జవాబుంది: ఇన్సులిన్ తయారుచేసే కణం, కాలేయంలోకి, చక్కెరను చూసి ఇన్సులిన్ వదలడానికి. మూలకణాల నుంచి పెంచిన, ఇన్సులిన్ చేసే ఐలెట్ కణాలను కాలేయానికి వెళ్లే రక్తనాళం ద్వారా ఎక్కించిన ఒక ట్రయల్ ఫలితాలు 2025లో వచ్చాయి. పూర్తి మోతాదు తీసుకున్న 12 మందిలో 10 మంది ఏడాది తర్వాత ఇన్సులిన్ ఇంజెక్షన్ లేకుండా ఉన్నారు. ఆ ఏడాదే పార్కిన్సన్స్ రోగుల మెదడులో, కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు పెట్టిన రెండు ట్రయల్స్ వివరాలూ వెలువడ్డాయి. కణాలు బతికాయి, కణితులు పుట్టలేదు. కానీ రెండూ కలిపి ఇరవై మంది కూడా లేరు, పోల్చి చూడటానికి మరో జట్టూ లేదు. కాబట్టి సురక్షితం అనేంత వరకే చెప్పగలం.

ఇక డబ్బు. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు సికిల్ సెల్. ఆ రోగుల సొంత మూలకణాలను క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో సవరించే చికిత్సకు 2023లో బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. పైగా ముందు గట్టి కీమోథెరపీ తట్టుకోవాలి. ఈ జబ్బు భారం ఎక్కువగా ఉన్న ఆఫ్రికా దేశాలకు ఆ ధర ఎప్పటికి అందుతుందో ఊహించుకోవచ్చు.

ఆ మధుమేహ ట్రయల్‌లో ఇంజెక్షన్ మానినవాళ్లు కూడా రోగనిరోధక శక్తిని అణిచే మందులు మింగుతూనే ఉండాలి. ఒక బాధ పోయి మరొకటి వచ్చినట్టు. అందుకే 2025లో స్వీడన్ నుంచి వచ్చిన చిన్న వార్త నాకు పెద్దదిగా కనిపించింది. చనిపోయిన దాత ఐలెట్ కణాల జన్యువులను మార్చి, రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టకుండా చేసి, ఒక వ్యక్తి ముంజేతి కండరంలో పెట్టారు. అణిచే మందులేవీ ఇవ్వలేదు. పన్నెండు వారాల తర్వాత చూస్తే కణాలు బతికే ఉన్నాయి, కొద్దిగా ఇన్సులిన్ చేస్తున్నాయి. మోతాదు తక్కువ కాబట్టి అతను రోజూ ఇంజెక్షన్ వేసుకుంటూనే ఉన్నాడు. దాత కణాల్లో చేసిన ఈ మార్పునే మూలకణాల్లో చేసి, వాటి నుంచి ఐలెట్లు పెంచాలన్నది తర్వాతి ప్రయత్నం.