మేం దాటేశాం బాబూ, నువ్వు రా

నిన్న జరిగింది. ఇంకా మండుతోంది కాబట్టి ఇవాళే రాసేస్తున్నాను.

బండి కాస్త నేలకి దగ్గరగా ఉంటే అందంగా ఉంటుందని ఆటోనగర్‌లో నా స్విఫ్ట్‌కి పొట్టి స్ప్రింగులు వేయించాను. టైర్లు మడ్‌గార్డుకి రాసుకోవు కదా అంటే మెకానిక్ "ఏం కాదు సార్" అన్నాడు. ఖాళీ బండి తిప్పి చూపించాడు. నిజంగానే ఏం కాలేదు. కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి పొట్టకీ మధ్య ఎడం, 163 మిల్లీమీటర్లు. అందులో 40 నేను తీసేశాను. మిగతాది మా మావయ్యగారు తీశారు.

పటమటలో పెళ్లి. మావయ్యగారు, అత్తయ్యగారు, మా ఆవిడ వెనక కూర్చున్నారు. సందు మలుపు తిరిగేసరికి గర్ర్‌మని చప్పుడు. "ఎవరో కొబ్బరి కోరుతున్నారే!" అన్నారు అత్తయ్యగారు. మీ బరువుకి టైరు రాసుకుంటోందని పిల్లనిచ్చిన మావగారితో ఎలా అంటాం? "ముందు సీట్లో ఏసీ బాగా తగులుతుందండీ" అని ఆయన్ని ముందుకి మార్చాను. కొబ్బరి కూడా ముందుకొచ్చింది.

ఆ తర్వాత స్పీడ్ బ్రేకర్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో దాని ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. మా వీధిదాని వెడల్పు మూరెడు. ఎత్తేమో, వేసినవాడి దగ్గర ఎంత సిమెంటు మిగిలితే అంత. ముందు చక్రాలు దాటాయి, బండి పొట్ట దానిమీద కూర్చుంది. ముందుకి పోదు, వెనక్కి రాదు.

అందరూ దిగారు. పట్టుపంచె ఎగ్గట్టి మావయ్యగారు "రా... రా... ఆగు!" అంటూ చేతులూపుతున్నారు. పక్కనే పునుగుల బండి. అక్కడ తింటున్నాయన ప్లేటుతో సహా వచ్చి, వంగి బండి కిందకి చూశాడు. "సైలెన్సర్ ఆనింది సార్" అని ప్రకటించి, పునుగుని అల్లం చట్నీలో ముంచి నోట్లో వేసుకుని, నమలడం పూర్తయ్యేదాకా మమ్మల్ని ఆపి, "ఎడంపక్క" అన్నాడు. వెనక ఆటోవాడు "ఎత్తి పక్కన పెట్టమంటావా అన్నా?" అని హారన్. అత్తయ్యగారు కుచ్చిళ్లు పైకి పట్టుకుని, చదివింపుల కవరు చంకలో పెట్టుకుని, అవతలి నుంచి పిలిచారు: "మేం దాటేశాం బాబూ, నువ్వు రా!"

రెండో బ్రేకర్ దగ్గర చెప్పకుండానే దిగారు. మూడోదాని దగ్గర దిగి, మళ్లీ ఎక్కలేదు.

ఇవాళ పొద్దున చక్రాలు తిన్నగా సర్దే అలైన్‌మెంట్‌కి వెళ్లాను. స్ప్రింగులు వేసిన రోజే చేయించాను గానీ, అవి నాలుగు రోజులు నడిచి కుదురుకున్నాక చేయించాలట. డబ్బులు తీసుకునేముందు ఒక్కరూ చెప్పలేదు. స్టీరింగ్ తిన్నగా పెడితే బండి ఎడంపక్కకి, అంటే మళ్లీ ఆ పునుగుల బండి వైపే లాగుతోంది. కంప్యూటర్ కాగితం నిండా ఎరుపే. చక్రాల పైభాగం లోపలికి వాలింది, టైరు లోపలి అంచు అరిగిపోతుంది అన్నాడు కుర్రాడు.

వెంటనే మెకానిక్‌కి ఫోన్ చేశాను, పాత స్ప్రింగులు మళ్లీ వేసేయమని.

"అవి పాత ఇనప కొట్టుకి వేసేశాను సార్. కావాలంటే ముందే చెప్పాలిగా!"