భయపడ్డ మొహాన్ని వీడియో తీయకండి

నెలన్నరగా ఇది రాయాలా వద్దా అని ఆగుతూ వచ్చాను. నిన్న రాత్రి ఇంకొకరి వీడియో కనబడింది. థియేటర్లో ఒకమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుని వణికిపోతోంది, పక్కనున్నవాళ్లు ఫోన్ దగ్గరగా పెట్టి తీశారు, వెనకాల ఒక కామెడీ పాట అతికించారు, కింద వందల నవ్వు బొమ్మలు. ఒక్కసారి పాట ఆపేసి చూడండి. ఆ అమ్మాయి నవ్వట్లేదు. ఊపిరి అందక నోరు తెరుస్తోంది. నాకు ఆ మొహం బాగా తెలుసు, ఎందుకంటే నెలన్నర కిందట ఆ మొహం నాది.

నాకు నీళ్లంటే భయం. వాన, స్నానం, ఇలాంటివి కాదు, తల మునిగేంత లోతు నీళ్లు. తొమ్మిదేళ్లప్పుడు మా బంధువుల్లో ఒకాయన ఈత నేర్పుతానని నన్ను ఎత్తి లోతులో వేశారు. భయం పోవాలంటే ఇదే మందు అని ఆయన నమ్మకం. పైకి లాగడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు, బహుశా కొన్ని సెకన్లే అయ్యుంటాయి, కానీ ఆ కొన్ని సెకన్లు నాతోపాటే పెరిగి పెద్దయ్యాయి.

అందరూ చూస్తున్న సినిమా అని నలుగురం కలిసి వెళ్లాం. పేరు చెప్పను, సినిమా మీద నాకు కోపం లేదు, బాగా తీశారు కూడా. సగంలో ఒక కారు నీళ్లలో పడుతుంది, లోపల ఒకావిడ, నీళ్లు సీటు దాకా, మెడ దాకా, తర్వాత పైకప్పుకీ ఆవిడ ముక్కుకీ మధ్య అరచేయంత గాలి. ట్రైలర్లో ఇది లేదు. నా చేతులు చల్లబడ్డాయి, చెవుల్లో గుండె చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు, లేచి వరస మధ్యలో మనుషుల కాళ్లు తొక్కుకుంటూ బయటికి వచ్చేశాను. నేను లేవడం, తడబడడం, మొహం, అంతా మా వాళ్లలో ఒకడు తీసి గ్రూపులో పెట్టాడు. మర్నాటికి అది నాకు పరిచయం లేనివాళ్ల ఫోన్లలో కూడా ఉంది.

తర్వాత అందరూ చెప్పిన మాట ఒక్కటే. "అది సినిమా రా, నిజం కాదు కదా."

ఈ మాట మీదే నాకు ఎక్కువ కోపం. నిజం కాదని నాకు తెలియదా? 1960లో వచ్చిన 'సైకో'లో స్నానాల గది హత్య సీన్ ఉంది కదా, అందులో చనిపోయే పాత్ర వేసిన జానెట్ లీ ఆ సినిమా తెర మీద చూసుకున్నాక షవర్ కింద స్నానం చేయడమే మానేశానని తర్వాత చెప్పింది. ఆ నెత్తురు చాక్లెట్ సిరప్ అని ఆవిడకంటే బాగా ఎవరికి తెలుసు? వారం రోజులు ఆ ఒక్క సీనే తీశారు, కెమెరా ఎక్కడుందో, కత్తి ఎవరి చేతిలో ఉందో అన్నీ చూసిన మనిషి. అయినా భయం వచ్చింది. తెలియడం వేరు, ఒంటికి తెలియడం వేరు.

మెదడులో ఎమిగ్డలా అని బాదంగింజంత భాగం ఉంటుంది. ప్రమాదంలా కనిపించేదేదైనా ఎదురైతే, మనం కూర్చుని ఆలోచించి ఇది నిజమా అబద్ధమా అని తేల్చుకునేలోపే అది ఒంటిని సిద్ధం చేసేస్తుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, కడుపులో పని నెమ్మదిస్తుంది. ఆలోచన వెనకాల నడిచి వస్తుంది. సినిమా అనేదే ఈ ఆలస్యం మీద బతికే కళ. మీకు నవ్వు, ఏడుపు, పగ తీర్చుకున్న తృప్తి, ఇవన్నీ 'నిజం కాని' తెర మీంచే వస్తున్నాయి కదా. హీరో తల్లి చనిపోతే కళ్లు తుడుచుకున్నవాడిని మీరు వీడియో తీసి పరువు తీయరు. భయానికి మాత్రం ఎందుకు తీస్తారు?

సినిమా ఎంత లోతుగా దిగుతుందో చెప్పడానికి 1975 నాటి 'జాస్' చాలు. యంత్రంతో చేసిన సొరచేప ఉప్పునీళ్లలో మాటిమాటికీ పాడైపోతుంటే దర్శకుడు స్పీల్‌బర్గ్ దాన్ని చూపించకుండా నీళ్లనీ, సంగీతాన్నీ నమ్ముకుని తీశాడు, సినిమాలో చాలాసేపు సొరచేప సరిగ్గా కనబడదు కూడా. కనబడని దానికి జనం సముద్రంలో దిగడానికి భయపడ్డారు. మనిషి కవ్వించకుండా జరిగే సొరచేప దాడుల్లో ప్రపంచం మొత్తం మీద ఏడాదికి సగటున ఆరుగురి దాకా చనిపోతారు. మనుషుల చేతుల్లో చచ్చే సొరచేపలు ఏడాదికి దాదాపు 10 కోట్లని 2013లో ఒక అంచనా వేశారు. ఆ కథ రాసిన పీటర్ బెంచ్లీ తర్వాతి జీవితంలో చాలా భాగం సొరచేపల్ని కాపాడాలని ప్రచారం చేస్తూ గడిపాడు. తాను రాసింది జనంలో ఎంత దూరం వెళ్లిందో ఆయన గమనించుకున్నాడు. మనం మాత్రం థియేటర్లో వణికినవాడికి 'సినిమాయే కదా' అంటాం.

ఇంక రెండో కోపం, ఇది పెద్ద సినిమాల మీదే. సినిమాలో భయం ఉన్న మనిషి రెండు రకాలుగానే కనిపిస్తాడు. ఒకటి, హీరో పక్కన ఉండే స్నేహితుడు, దెయ్యం పేరెత్తితే ప్యాంటు తడుపుకునేవాడు, వాడి పని మనల్ని నవ్వించడం. రెండోది, ఏదో ఒక భయం ఉన్న హీరోయిన్. ఎత్తంటే భయం, నీళ్లంటే భయం, చీకటంటే భయం. ఆమెని హీరో ఒకరోజు హఠాత్తుగా కొండ అంచుకి తీసుకెళ్లి నిలబెడతాడు, లేదా నీళ్లలోకి తోసేస్తాడు, ఆమె రెండు క్షణాలు అరిచి, మూడో క్షణంలో నవ్వుతుంది, పాట మొదలవుతుంది, భయం పోయింది! థియేటర్లో చప్పట్లు. ఆ చప్పట్లు విన్నప్పుడల్లా నాకు మా బంధువు గుర్తొస్తాడు. ఆయనా అచ్చంగా ఇదే చేశాడు, ప్రేమతోనే చేశాడు. నాకు పాట మొదలవలేదు.

భయం అలా పోదని తెలిసి నూరేళ్లు దాటింది. 1920లో వాట్సన్, రేనర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఆల్బర్ట్ అనే పసివాడికి తెల్ల ఎలుకని చూపిస్తూ వెనక నుంచి ఇనుప కడ్డీని సుత్తితో కొట్టి, ఎలుకంటే భయం పుట్టించారు. భయాన్ని ఎక్కించారు గాని తీయలేదు, అలాగే వదిలేశారు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఇంకో మనస్తత్వ పరిశోధకురాలు దీనికి ఎదురు పని చేసింది. పీటర్ అని మూడేళ్లు కూడా నిండని పిల్లాడు, కుందేలంటే హడలు. ఆవిడ కుందేల్ని వాడి ఒళ్లో పడేయలేదు. మొదట గదిలో దూరంగా, పంజరంలో. వాడు ఇష్టమైనది తింటూ ఉండగా రోజురోజుకీ కొంచెం దగ్గరగా. చివరికి ఆ పిల్లాడు తన వేళ్లని కుందేలు కొరుకుతుంటే ఊరుకున్నాడు.

ఆ కథలో నాకు బాగా పట్టుకున్న ముక్క మధ్యలో ఉంది. పీటర్ బాగుపడుతూ ఉండగా వాడికి స్కార్లెట్ జ్వరం వచ్చి దాదాపు రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. బయటికి వస్తున్న రోజున ఒక పెద్ద కుక్క మీదికి దూకింది. అంతే, భయం మళ్లీ మొదటికొచ్చింది. వాడు ఓడిపోయాడని మేరీ అనుకోలేదు. ఇష్టమైనది తినిపిస్తూ కుందేల్ని దగ్గరికి తెచ్చే పద్ధతి మొదలుపెట్టింది ఆ తర్వాతే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, థియేటర్లోంచి పారిపోయిన రోజుకి నేను ఏడాదిగా ఈ భయం తగ్గించుకోవడానికి ఒక మానసిక కౌన్సిలర్ దగ్గర సాధన చేస్తున్నాను. నడుము లోతు నీళ్లలో నిలబడగలిగాను, తర్వాత ఛాతీ లోతు, చివరి నెలలో ముక్కు మూసుకుని తల ముంచి ఐదు లెక్కపెట్టాను. ఆ ఐదు అంకెలు నాకు ఎంతో మీకు చెప్పలేను. అలాంటిది ఆ కారు సీన్ నా మీదికి దూకిన కుక్క. మర్నాడు బాత్రూమ్‌లో నిండిన బకెట్ చూసినా కడుపులో తిప్పింది. ఏడాది కష్టం వృథా పోయిందని ఏడ్చాను. మా కౌన్సిలర్ చెప్పింది ఏమిటంటే, పాత భయం చెరిగిపోదు, దాని పక్కన కొత్త జ్ఞాపకం ఒకటి తయారవుతుంది, కొన్నాళ్లు కొత్తది గెలుస్తుంది, అలసిపోయినప్పుడో ఉలిక్కిపడ్డప్పుడో పాతది గెలుస్తుంది, కొత్తదాన్ని మళ్లీ మళ్లీ బలంగా చేసుకోవడమే పని. అన్నిటికంటే ముఖ్యంగా, భయం పతాక స్థాయిలో ఉండగా లేచి వచ్చేస్తే మెదడు 'పారిపోయాను కాబట్టి బతికాను' అని రాసుకుంటుందట. కూర్చుని ఉంటే అది తనంతట తానే దిగడం చూస్తాం.

మరి అలాగైతే మా బంధువు చేసింది కూడా అదే కదా అని ఒకడు నాతో వాదించాడు. కాదు, అసలే కాదు. తలుపు నా చేతిలో ఉందా లేదా, అదే తేడా. ఎప్పుడు మొదలవుతుందో, ఎంతసేపో, ఎక్కడ ఆపొచ్చో నాకు తెలిసి నేనుగా అడుగేస్తే అది సాధన. ఎవరో తోస్తే అది ఇంకో గాయం. పక్కవాడి కళ్ల మీంచి చేతులు బలవంతంగా లాగి 'చూడు చూడు' అనేవాళ్లు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

అప్పట్నుంచి ఇంట్లో సాధన చేశాను, ఇలాంటి సీన్లున్న వేరే సినిమాలతో. పట్టపగలు, ఫోన్ చిన్న తెర మీద, సౌండ్ పూర్తిగా తీసేసి. భయానికి సున్నా నుంచి వంద దాకా అంకె వేసుకుంటాను. మొదటిసారి 80. అదే సీన్ నాలుగోసారికి 45. సౌండ్ పెట్టగానే మళ్లీ 75! అప్పుడు అర్థమైంది సగం భయం చెవిలోంచి వస్తోందని. 'సైకో' సీన్‌ని దర్శకుడు హిచ్‌కాక్ మొదట సంగీతం లేకుండా ఉంచాలనుకున్నాడు, సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ ఆ వయొలిన్ల కేకలు చేసి వినిపించాకే మనసు మార్చుకున్నాడు. 'జాస్'లో రెండే స్వరాలు. వాటికి మన ఒళ్లు సమాధానం చెబుతుంది, మనం కాదు. ఇది తెలిశాక నాకు సిగ్గు చాలా తగ్గింది. ఫోన్ నుంచి పెద్ద తెరకి, పగటి నుంచి రాత్రికి, మెల్లగా మార్చుకుంటూ వచ్చాను.

దెయ్యాల సినిమాలంటే ప్రాణమిచ్చేవాళ్లని నేను తప్పు పట్టట్లేదు. మా చెల్లెలు అలాంటిదే, సినిమా అయ్యాక హాయిగా నిద్రపోతుంది. ఆమెకి భయం అనేది ఎక్కి దిగే మెట్టు, దిగాక వచ్చే తేలిక కోసమే ఎక్కుతుంది. 2020లో ప్రపంచం తలుపులు మూసుకున్నప్పుడు ఎంతోమంది వెతుక్కుని మరీ 2011 నాటి 'కంటేజియన్' చూశారు, అంటురోగం గురించిన సినిమా! బయట తమ చేతిలో లేని భయాన్ని రెండు గంటల కథలో, ఆపే బటన్ చేతిలో పెట్టుకుని చూడడం కొందరికి ఊరట. భయపడే జనానికి, భయాన్ని వెతుక్కునే జనానికి మధ్య మీరు అనుకునేంత దూరం లేదు. మా చెల్లెలికి నచ్చిన మోతాదు నాకు ఎక్కువ, అంతే.

ఇంకో విషయం, స్పాయిలర్లు. నేను ఏ సినిమాకైనా ముందు అడుగుతాను, నీళ్లలో మునిగే సీన్ ఉందా, ఎన్నో గంటలో, బయటపడతారా. దానికి జనం కోప్పడతారు, 'సినిమా మజా అంతా పోతుంది' అని. 'డస్ ద డాగ్ డై' అని ఒక వెబ్‌సైట్ ఉంది, సినిమాలో కుక్క చనిపోతుందా అన్న ప్రశ్నతో మొదలై ఇప్పుడు ఎన్నో రకాల భయాలకి చూసినవాళ్లే అవునో కాదో చెబుతారు. దాని వల్ల నేను మానేసిన సినిమాల కంటే ధైర్యం చేసి చూసిన సినిమాలే ఎక్కువ. కాబట్టి మీ పక్కన ఎవరైనా అలా అడిగితే చెప్పేయండి. వాళ్లకి మజా కాదు, కూర్చోగలగడం ముఖ్యం.

వీడియో తీసినవాడితో మాట్లాడాను. వాడు చెడ్డవాడు కాదు, అందుకే ఇంకా బాధ. గ్రూపులోంచి తీసేశాడు, మిగతా ఫోన్లలోంచి ఎవరూ తీయలేరు. మొన్న ఫోన్ చేసి, "నీకు అంత కష్టమని నాకు తెలియదు రా, నువ్వెప్పుడూ చెప్పలేదు" అన్నాడు. నిజమే, చెప్పలేదు. చెబితే ఏమంటారో తెలుసు కాబట్టి చెప్పలేదు.

పోయిన గురువారం అదే సినిమాకి మళ్లీ వెళ్లాను. ఇప్పటికి రోజుకి ఒక్క ఆటే మిగిలింది, హాల్లో పాతికమంది కూడా లేరు. దారి పక్క సీటు తీసుకున్నాను. వాడు వస్తానన్నాడు, వచ్చాడు, నా పక్కన కూర్చుని మొత్తం సినిమా ఫోన్ బయటికి తీయలేదు. కారు నీళ్లలో పడ్డప్పుడు 90 దాకా వెళ్లింది. కళ్లు రెండుసార్లు దించాను, మళ్లీ ఎత్తాను. కాళ్లు లేవమంటున్నా లేవలేదు. ఆవిడ వెనక అద్దాన్ని మడమతో మూడుసార్లు తన్ని పగలగొట్టి పైకి తేలింది. ఒడ్డు మీద పడుకుని దగ్గుతోంది, బతికే ఉంది. మొదటిసారి నేను మధ్యలో వచ్చేశాను కదా, ఇది చూడలేదు. నెలన్నరగా నా తలలో ఆవిడ ఇంకా ఆ నీళ్లలోనే ఉంది.