మార్జిన్లు మింగిన జిరాక్స్

రొయ్యల చెరువులో నీళ్లకి గాలి ఎక్కించే ఏరియేటర్‌కి మా బావ కొత్త బిగింపు ఒకటి కనిపెట్టాడు. పేటెంట్‌కి పంపాలి కదా, అక్కడ మొదలైంది టెన్షన్! ఏ4 కాగితం. పైన, ఎడమవైపు 4 సెంటీమీటర్లు, కింద, కుడివైపు 3 వదలాలి. బొమ్మల షీటుకి ఎడమ పైమూల పేరు, కుడి పైమూల షీటు నంబరు, కుడి కిందిమూల సంతకం. సరే. నెల్లూరు ట్రంకు రోడ్డులో జిరాక్స్ కుర్రాడేం చేశాడు? 'పేజీ నిండుగా ఉండాలన్నా' అంటూ బొమ్మను సాగదీసి మార్జిన్లన్నీ మింగేశాడు! పైగా బొమ్మ పక్కన 'గాలి ఇటు పోతుంది' అని టైపు కొట్టాడు. బొమ్మ మీద వివరణ ఉండకూడదు మహాప్రభో! నిన్నెవరడిగారబ్బయా? ఇక కొరియర్ వాళ్లు, అంత కవరుంటే సరిగ్గా చెన్నై పేటెంట్ ఆఫీసు అడ్రసు మీదే స్టిక్కర్ అంటించారు. కళ్లు లేవా? అసలు ఇలా కాగితాలు పంపకుండా ఆన్‌లైన్‌లో పెడితే దరఖాస్తు ఫీజు 1,750 బదులు 1,600 రూపాయలే. చెప్తే బావ వింటేగా!