గ్రూపులో ఎంతమంది ఉన్నారని కాదు, జవాబు రాని ప్రశ్నలు ఎన్ని ఉన్నాయో చూడండి

చర్చా గ్రూపు పెట్టగానే చాలామంది చేసే మొదటి పని లింకును దొరికిన చోటల్లా పడేయడం. వారం తిరక్కుండా మూడొందల మంది చేరతారు, మాట్లాడేది మాత్రం అడ్మిన్ ఒక్కరే. కొన్నాళ్లకి ఆ ఒక్కరూ అలిసిపోతారు. తర్వాత మిగిలేవి గుడ్ మార్నింగ్ బొమ్మలు, క్రిప్టో లింకులు. వాట్సాప్ గ్రూపులో 1024 మంది పడతారు, టెలిగ్రామ్‌లో 2 లక్షల మంది. పడతారు కదా అని నింపేయడంతోనే చెడుతోంది.

మొదటి ఇరవై మందిని ఒక్కొక్కరిగా పిలవండి. "మా గ్రూపులో చేరండి" అని కాదు, "ఫలానా విషయం మీకు బాగా తెలుసు, దాని మీద ఎవరైనా అడిగితే చెప్తారా" అని. ఒకే గ్రూపులో విషయానికో ఛానెల్ (చర్చా గది) పెట్టుకోనిచ్చే డిస్కార్డ్ యాప్‌లో అయితే, మొదటి రోజే పదిహేను ఛానెళ్లు తెరవకండి. ఒకటి చాలు. రెండు సంభాషణలు ఒకదానికొకటి అడ్డం పడి, ఎవరు ఎవరికి జవాబిస్తున్నారో తెలియనప్పుడు రెండోది తెరవండి.

ఇక అసలు సంగతి. గ్రూపు బతుకు తేలేది కొత్తవాళ్ల మొదటి ప్రశ్న దగ్గరే. మొక్కల గ్రూపే తీసుకోండి. ఎవరో "ఆకులు పసుపెక్కుతున్నాయి, ఏం చేయాలి?" అని ఫొటో లేకుండా అడుగుతారు. "ఇది వందసార్లు చెప్పాం, పైకెళ్లి వెతుక్కోండి" అని ఒక పాత సభ్యుడు అంటే ఆ మనిషి మళ్లీ నోరు విప్పరు. "ముందు పసుపెక్కుతున్నవి కింది ముదురాకులా, పైన లేతాకులా? నీళ్లు ఎన్నాళ్లకోసారి పోస్తున్నారు?" అని అడిగితే కథ మారుతుంది. కింది ఆకులైతే నత్రజని లోపమో, నీళ్లు ఎక్కువవడమో కావచ్చు. ఈనెలు ఆకుపచ్చగానే ఉండి లేతాకు పసుపెక్కితే ఇనుము లోపాన్ని అనుమానించాలి. ఈ రెండు ముక్కలు చదివిన మౌన సభ్యుల్లో ఒకరు రేపు తన ప్రశ్నతో వస్తారు.

అందుకే "మాట్లాడనివాళ్లను తీసేస్తాం" అనే బెదిరింపు నాకు అస్సలు నచ్చదు. నూటికి 90 మంది చదివి ఊరుకుంటారని, 9 మంది అప్పుడప్పుడు రాస్తారని, ఎక్కువగా రాసేది ఒక్కరేనని వెబ్‌సైట్ల వాడకంపై పరిశోధించే జేకబ్ నీల్సన్ 2006లోనే రాశారు. చిన్న గ్రూపుల్లో పరిస్థితి ఇంతకంటే నయంగానే ఉంటుంది. అయినా చదివేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే. ఇక్కడ నోరు విప్పితే ఏమవుతుందో వాళ్లు గమనిస్తూ ఉంటారు.

పెరుగుదలలో జనం కంటే వేగం ప్రమాదం. యూజ్‌నెట్ అనే పాతకాలపు ఆన్‌లైన్ చర్చా వేదికలో ఏటా సెప్టెంబర్‌లో కొత్త విద్యార్థులు వచ్చిపడేవారు, కొన్ని వారాల్లో అక్కడి పద్ధతులు నేర్చుకునేవారు. 1993 తర్వాత ఇంటర్నెట్ కంపెనీల చందాదారులు ఆగకుండా రావడంతో నేర్పేవాళ్లకు తీరిక లేకుండా పోయింది. దానికే "ఎటర్నల్ సెప్టెంబర్", అంటే ఎప్పటికీ ముగియని సెప్టెంబర్ అని పేరు పడింది. వంద మంది ఉన్న గ్రూపైతే వారానికి పదిమందిని మించి తీసుకోవద్దంటాను. అడ్మిన్ ఆమోదం ఆన్ చేసి, "ఎందుకు చేరాలనుకుంటున్నారు" అని ఒక్క ప్రశ్న పెట్టండి. స్పామ్ పంపేవాళ్లు చాలావరకు అక్కడే ఆగిపోతారు.

గొడవ ముదిరితే టెలిగ్రామ్‌లో స్లో మోడ్ 5 నిమిషాలకు పెట్టండి, అప్పుడు ఒక్కొక్కరు 5 నిమిషాలకు ఒక్క సందేశమే పంపగలరు. తప్పు చేసినవాళ్లకు ముందు విడిగా, వాళ్లు రాసిన వాక్యాన్నే చూపించి చెప్పండి. అందరి ముందూ నిలదీస్తే తప్పు ఒప్పుకునే దారి మూసుకుపోతుంది. స్పామ్‌కి మాత్రం ఈ మర్యాదలేవీ అక్కర్లేదు, వెంటనే తీసేయండి. అడ్మిన్ హక్కులు ఇంకో ఇద్దరికి ఇవ్వండి, అదీ మీరు అలిసిపోకముందే.

వారానికోసారి పైకి స్క్రోల్ చేసి జవాబు రాని ప్రశ్నలు ఏరండి. తెలిస్తే మీరే చెప్పండి, లేకపోతే తెలిసినవాళ్లను పేరు పెట్టి పిలవండి. మూడు దాటి మిగిలితే ఆ వారం కొత్తవాళ్లను ఆపేయండి.