అంగడి మనకు స్పెన్సర్స్ నేర్పిన విద్య కాదు

మద్రాసు మౌంటు రోడ్డులోని స్పెన్సర్స్ దుకాణాన్ని గురించిన సందేశం ఒకటి ఫోన్లలో చేతులు మారుతూనే ఉంది. దాని సారాంశం ఇది. 1863లో స్పెన్సర్ అనే దొర ఆ దుకాణం తెరిచేవరకు మనకు వారపు సంతలే తప్ప అంగళ్లు లేవట. పన్నీరు (గులాబీ నీరు), గాజులు, బొమ్మలు వంటి ఫ్యాన్సీ సరుకును మనవాళ్లు మొదటిసారి చూసింది అక్కడేనట. అక్కడ అమ్మిందంతా ఇంగ్లండు సరుకేనట. బేరం లేకుండా ఒకే ధరకు అమ్మే పద్ధతిని నేర్పిందీ, మేలైన వస్తువును సామాన్యుడికి చౌకగా అందించిందీ ఆ దొరలేనట. ఆనాటి భవనమే నేటి స్పెన్సర్ ప్లాజా అట. మన ఊళ్లలోని ‘ఫ్యాన్సీ స్టోర్స్’, ‘జనరల్ స్టోర్స్’ అనే బోర్డులే ఇందుకు సాక్ష్యమని ముగింపు. ఈ మాటలలో కొన్ని పూర్తిగా తప్పు, కొన్ని సగం నిజం. అన్నిటినీ ఒకే గాటన కట్టకుండా విడివిడిగా చూడవలసి ఉంది.

భవనం సంగతి ముందుగా తేల్చవచ్చు. డబ్ల్యూ.ఎన్. పాగ్సన్ రూపకల్పన చేసిన, 19వ శతాబ్ది చివరి నాటి ఇండో-సారసెనిక్ (భారతీయ, ఇస్లామీయ, యూరోపియన్ రీతులు కలిసిన) శైలి భవనం 1980లలో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఇప్పుడు మనం చూస్తున్న ప్లాజా ఆ స్థలంలో తరువాత కట్టినది. దుకాణం కూడా ఒక్క స్పెన్సర్ పెట్టినది కాదు. చార్లెస్ డ్యూరంట్ అనే భాగస్వామి మొదటినుంచీ ఉన్నాడు. అది మహాసంస్థగా ఎదిగింది యూజిన్ ఓక్‌షాట్ చేతికి వచ్చిన తరువాత. మద్రాసులో పేరుమోసిన తొలి ఇంగ్లీషు దుకాణమూ అది కాదు. హిగిన్‌బాథమ్స్ పుస్తకాల దుకాణం 1844 నాటికే ఉంది.

అసలు ఖండించవలసింది అంగళ్లు లేవన్న మాటను. తెలుగువారు ఈ మాటను తెలుగువారికే పంపుకోవడం నాకు చాలా బాధ కలిగించింది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం నేటికీ ఉంది. ఓడ పగిలి ఒడ్డుకు చేరిన సరుకును రాజులు స్వాధీనం చేసుకునే ఆనవాయితీని రద్దుచేసి, విదేశీ వర్తకులకు అభయమిచ్చి, ఏ సరుకు మీద ఎంత సుంకమో ఆ శాసనం రాతిలో చెక్కించింది. కర్పూరం, పన్నీరు, దంతం, పగడాలు, మిరియాలు, పోకలు ఆ పట్టికలో ఉన్నాయి. పన్నీరూ పగడమూ ఫ్యాన్సీ సరుకు కాకపోతే మరేమిటి? తరువాత సుమారు నూటయాభై ఏళ్లకు శ్రీనాథుడు తన హరవిలాసాన్ని అంకితమిచ్చింది రాజుకు కాదు, అవచి తిప్పయసెట్టి అనే వర్తకుడికి. ఆ సెట్టి ఇంటివారు సింహళం నుంచి ఏనుగులను, హురుముంజి (హోర్ముజ్) నుంచి గుర్రాలను, భోటదేశం (టిబెట్) నుంచి కస్తూరిని, చీనా నుంచి పట్టును తెప్పించారని కవి గర్వంగా వర్ణించాడు. హంపిలో విరూపాక్షుని గుడి ఎదుటి బజారు వీథిలో రాతి మంటపాలు వరుసగా నేటికీ నిలిచి ఉన్నాయి. చార్మినారు పక్కన లాడ్ బజారు లక్క గాజులు స్పెన్సర్ కోసం ఎదురుచూడలేదు. కొండపల్లి పొణికి కర్ర బొమ్మలూ, ఏటికొప్పాక లక్క బొమ్మలూ అంతే.

ఇంటి అలంకరణ సరుకు ఇంగ్లండు నుంచే మనకు వచ్చిందని అనుకునేవారు స్పెన్సర్స్ కన్నా ముందు రెండు శతాబ్దాల సంగతి తెలుసుకోవాలి. మచిలీపట్నంలో ఇంగ్లీషువారు 1611లో వర్తకస్థానం ఏర్పరచుకున్నది మనకు ఏదో అమ్మాలని కాదు, మన బట్ట కొనుక్కోవాలని. మన తూర్పు తీరమైన కోరమాండల్ అద్దకం బట్టలు ఇంగ్లండు ఇళ్లలో పరదాలుగా, దుప్పట్లుగా, ఆడవారి దుస్తులుగా ఎంతగా అలవాటయ్యాయంటే, తమ నేతపనివారి గోడు వినలేక బ్రిటిష్ పార్లమెంటు 1700లో ఒకసారి, 1721లో మరింత కఠినంగా మరోసారి వాటిని అడ్డుకునే చట్టాలు చేయవలసి వచ్చింది. ఆనాడు లండను ఇళ్లకు ఫ్యాన్సీ సరుకు మన రేవుల నుంచే వెళ్లింది.

అమ్మిందంతా ఇంగ్లండు సరుకే అన్న మాటకు స్పెన్సర్స్ సొంత చుట్టలే సమాధానం చెబుతాయి. ఆ సంస్థకు గొప్ప పేరు తెచ్చిన సరుకులలో ఒకటైన చుట్టలు తయారైంది దిండిగల్లులోని దాని కర్మాగారంలో. మద్రాసు ప్రెసిడెన్సీలోని దొరలు మెచ్చి కాల్చిన మరో రకం ఘాటైన చుట్ట పేరు ‘లంకా’. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ అనే ఆంగ్లో-ఇండియన్ పదకోశం ఆ పేరు గోదావరి లంకలలో పండే పొగాకు వల్ల వచ్చిందని నమోదు చేసింది. మన గోదావరి రైతు ఇసుక లంకలో పండించిన ఆకు దొరల నోట చుట్టై వెలిగింది. ఆ రైతు ప్రస్తావన సందేశంలో ఒక్క ముక్కైనా లేదు.

అప్పటి పెద్ద అంగళ్లలో దొరికిన మిగిలిన దిగుమతి సరుకు కూడా ఇంగ్లండుకే పరిమితం కాదు. బొమ్మలూ రసాయన రంగులూ జర్మనీవి, పూసలూ గాజులూ చాలావరకు ఆస్ట్రియా ఏలుబడిలోని బొహీమియావి, అగ్గిపెట్టెలు స్వీడనువి, తరువాత జపానువి, సింగర్ కుట్టుమిషను అమెరికాది. ఇక్కడ జనం మాత్రం సముద్రం దాటి వచ్చినదంతా ‘సీమ సరుకు’ అన్నారు. సీమ అంటే ఇంగ్లండే అనుకోవడంతో ఈ పొరపాటు బలపడి ఉంటుందని నా అభిప్రాయం.

ఒకే ధర విషయంలో సందేశానికి కొంత న్యాయం చేయాలి. ధర రాసిపెట్టడం, జాబితాలు అచ్చువేసి పంపడం ఇక్కడ పెద్ద ఎత్తున వ్యాపించింది అలాంటి అంగళ్ల ద్వారానే. అయితే యూరపులోనే ఆ పద్ధతి 19వ శతాబ్ది మధ్యలో పారిస్ బాన్ మార్షే వంటి దుకాణాలతో బలపడింది. అది ఏ జాతికీ పుట్టుకతో వచ్చిన గుణం కాదు. పైగా ఇక్కడి యూరోపియన్ దుకాణాలు అధికారులకు దీర్ఘకాలం అరువులిచ్చి నడిచినవే. అందుకే 1882లో కలకత్తాలో మొదలైన వైట్‌అవే లైడ్‌లా సంస్థ రొక్కానికే అమ్మకం అని పట్టుపట్టినప్పుడు అది వింతగా తోచి, దాని పేరునే తిప్పి ‘అప్పటికప్పుడు చెల్లింపు’ అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషువారే మారుపేరు పెట్టారు.

చౌక సంగతి మరీ లోతైనది. దొరల దయవల్ల సరుకు చౌక కాలేదు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుని ఓడ ప్రయాణం తగ్గింది. రైలుమార్గాలు రేవును లోపలి ఊళ్లతో కలిపాయి. వీటికి తోడు 1882లో ప్రభుత్వం ఉప్పు, సారా వంటి కొన్నిటిని మినహాయించి దాదాపు దిగుమతి సుంకాలన్నిటినీ ఎత్తివేసింది. ఖజానా కటకటలాడి 1894లో 5 శాతం సుంకం మళ్లీ వేసినా, ఇంగ్లండులోని లాంకషైరు బట్టల మిల్లుల ఒత్తిడికి లొంగి 1896లో నూలు బట్టల మీద దానిని 3.5 శాతానికి తగ్గించి, అంతటితో ఆగక మన దేశంలోని మిల్లులు నేసిన బట్ట మీద కూడా సరిగ్గా అంతే పన్ను వేసింది. మన గడ్డ మీద నేసిన గుడ్డకు పరాయి గుడ్డతో సమానంగా పన్ను కట్టించిన ఆ ఏర్పాటు రెండు దశాబ్దాలు సాగింది. అంగడి అద్దాల వెనుక తళతళలాడిన చౌక సరుకును మెచ్చుకునేటప్పుడు ఈ లెక్కను పక్కన పెట్టడం అన్యాయం. దీనిని చదివినవారు 1905 తరువాత స్వదేశీ పిలుపుకు మన పట్టణాలు ఎందుకు అంత వేడిగా స్పందించాయో, 1907లో వంగదేశపు జాతీయ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలకు రాజమహేంద్రవరం, బెజవాడ, మచిలీపట్నం జనం ఎందుకు పోటెత్తారో తేలికగా గ్రహిస్తారు. బొంబాయిలో అదే వైట్‌అవే లైడ్‌లా కట్టించుకున్న భవనంలోకి 1946లో ఖాదీ భండారు చేరింది.

ఇక బోర్డుల సాక్ష్యం. ‘ఫ్యాన్సీ’, ‘జనరల్ స్టోర్స్’ అనే పేర్లు ఇంగ్లీషు నుంచి వచ్చిన మాట వాస్తవం, దానిని కాదనవలసిన పని లేదు. కాని ఆ బోర్డు కింద ఉన్న సరుకును చూడండి: గాజులు, తిలకం, కాటుక, జడకుచ్చులు, పూసలు. స్పెన్సర్స్ అద్దాల బీరువాలకన్నా ముందే, గాజుల మలారం భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగిన గాజులవాళ్లు అరుగు మీద కూర్చుని విప్పిన మూటకు ఈ ఫ్యాన్సీ కొట్టు అల్మారా దగ్గరి చుట్టం. పెళ్లిళ్ల రోజుల్లో మన బజారులోని ఏ ఫ్యాన్సీ దుకాణానికి వెళ్లినా, కొలత చూసి, వేళ్లు దగ్గరికి ఒత్తి, గాజు చిట్లకుండా ముంజేతికి ఎక్కించేది ఇప్పటికీ ఆ కొట్టు మనిషే. ధర దగ్గర బేరమూ మామూలే.